గోడకి సిమెంటు తక్కువ, అంతే: తప్పు అమ్మది కాదు (ఎగ్జిమా చరిత్ర)

చిలకలూరిపేట నుంచి మాట్లాడుతున్నా. మన ఛానెల్లో మామూలుగా కోటలు, రాజులు, యుద్ధాల గురించి చెప్పుకుంటాం కదా. ఈసారి మాత్రం ఒక జబ్బు చరిత్ర. ఎందుకంటే అది మా ఇంట్లోకే వచ్చింది.

మా అక్క వాళ్ళదీ ఈ ఊరే. నా మేనల్లుడికి నాలుగేళ్ళు. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక, మెడ దగ్గర వాడి చర్మం ఎర్రబడి, పొడిబారి, పగిలిపోయి ఉండేది. పగలు ఆటల్లో పడి మర్చిపోయేవాడు. అసలు బాధ రాత్రి మొదలయ్యేది. ఒకసారి నేను వాళ్ళింట్లో పడుకున్నా. చీకట్లో బరబరా గోక్కునే చప్పుడు. లేచి చూస్తే అక్క వాడి రెండు చేతులూ పట్టుకుని కూర్చుంది. నిద్రలో కూడా వాడు చేతులు లాక్కుంటున్నాడు. తెల్లారి చూస్తే దుప్పటి మీద రక్తం చుక్కలు.

"ఎన్నాళ్ళ నుంచి అక్కా?" అంటే, "ఆర్నెల్ల పిల్లాడప్పటి నుంచీ ఇంతేరా" అంది.

ఆ జబ్బుకి అక్కడ మూడు పేర్లు. అక్క వాళ్ళ అత్తగారు తామర అంటారు. పక్కింటావిడ గజ్జి అంటుంది, అందుకని వాళ్ళ పిల్లల్ని వీడితో ఆడనివ్వదు. వీధిలో పెద్దాయన ఒకాయన "అది ఒంట్లో వేడమ్మా, బయటికి రానీ, ఆపితే లోపలికి పోద్ది" అన్నాడు. స్కూల్లో వాణ్ణి చివరి బల్ల మీద విడిగా కూర్చోబెట్టారు. ఎవరు ఏ పేరు పెట్టినా చివరికి వచ్చే మాట మాత్రం ఒకటే: "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావో ఏమో." అంటే తప్పు అక్కది.

ఒక మెడికల్ షాపులో "తామరకి ట్యూబు ఇవ్వండి" అని అడిగితే ఇచ్చారు. మూడు రోజుల్లో అంతా మాయం. ట్యూబు ఆపిన వారానికి రెట్టింపు వచ్చింది. మళ్ళీ ట్యూబు, మళ్ళీ మాయం, మళ్ళీ రెట్టింపు. ఇలా ఏడాది గడిచింది. చివరికి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ రెండు మాటలు చెప్పారు. ఒకటి, ఇది తామర కాదు, గజ్జి కాదు, ఎగ్జిమా. పూర్తి పేరు అటోపిక్ డెర్మటైటిస్. రెండోది, "తప్పు మీది కాదమ్మా."

ఆ రెండో మాటకి అక్క అక్కడే ఏడ్చేసింది.

ఆ రాత్రి నుంచి నేను దీని గురించి చదవడం మొదలుపెట్టా. చదివే కొద్దీ ఒక సంగతి అర్థమైంది. ఈ జబ్బు కొత్తది కాదు, వందల ఏళ్ళ నుంచి ఉంది. ప్రతి కాలంలోనూ దీనికి ఎవరో ఒకరిని దోషిగా నిలబెట్టారు. ఒకప్పుడు రక్తం, ఒకప్పుడు మురికి, ఒకప్పుడు తిండి, ఒకప్పుడు తల్లి. అసలు కారణంలో పెద్ద ముక్క దొరికింది 2006లో. అంటే యూట్యూబ్ వచ్చిన కొత్తలో. ఆ కథ మొదటి నుంచి చూద్దాం.

ముందు పేర్ల సంగతి. మన తెలుగులో తామర అంటే పువ్వూ, ఒంటి మీద గుండ్రంగా వచ్చే మచ్చా. గజ్జి, చిడుము అంటే ఒళ్ళంతా దురద పెట్టే పొక్కులు. ఎగ్జిమాకి మాత్రం జనం నోట్లో నలిగిన సొంత పేరు లేదు. అందుకే దాన్ని తామరలోనో గజ్జిలోనో కలిపేస్తాం. నిజానికి ఇవి మూడూ మూడు వేరు వేరు జబ్బులు. తామర ఫంగస్ వల్ల వస్తుంది, గుండ్రంగా ఉంటుంది, అంచు ఉబ్బి ఉంటుంది, మధ్యలో కొంచెం మానినట్టు ఉంటుంది. ఇది అంటుకుంటుంది. గజ్జి కంటికి సరిగ్గా ఆనని చిన్న పురుగు వల్ల వస్తుంది, వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర ఎక్కువ, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి రాత్రిపూట దురద మొదలవుతుంది. ఇదీ అంటుకుంటుంది. ఎగ్జిమా పురుగూ కాదు, ఫంగసూ కాదు. ఎవరికీ అంటుకోదు. పక్కన కూర్చున్నా, కలిసి తిన్నా, వాడి టవల్ వాడినా రాదు.

పాత వైద్యంలో కూడా పేరు చిక్కు ఉంది. ఆయుర్వేదంలో చరక సంహిత చర్మ రోగాల్ని 18 రకాల కుష్ఠాలుగా చెప్తుంది. వాటిలో 7 పెద్దవి, 11 చిన్నవి. ఆ చిన్నవాటిలో విచర్చిక ఒకటి. దురద, రసి కారడం దాని లక్షణాలు. ఎగ్జిమాకి దగ్గరగా ఉందని ఇప్పటి ఆయుర్వేద వైద్యులు దాన్నే ఉదాహరణగా చెప్తారు. అప్పట్లో కుష్ఠం అంటే చర్మ రోగాల మొత్తానికి పేరు. తర్వాత తెలుగులో కుష్ఠు అంటే ఒక్క కుష్ఠు రోగమే అయిపోయింది. ఒక చర్మ రోగం మీద ఉన్న భయం మిగతా వాటి మీదకీ ఎలా పాకుతుందో చూడండి.

పడమటి దేశాల్లో ఎగ్జిమా అన్న మాట గ్రీకు నుంచి వచ్చింది. పొంగడం, ఉడికి పైకి రావడం అని దాని అర్థం. 6వ శతాబ్దంలో ఏటియస్ అనే వైద్యుడు, ఇప్పటి టర్కీలో ఉన్న అమీడా ఊరాయన, ఈ మాట రాశాడు. పొయ్యి మీద పాలు పొంగినట్టు ఒంట్లోంచి ఏదో పొంగుతోంది అని వాళ్ళ ఊహ. మన వీధి పెద్దాయన చెప్పిన "ఒంట్లో వేడి" మాట గుర్తొచ్చిందా? అదే ఊహ. యూరప్ డాక్టర్లు కూడా వందల ఏళ్ళు దాన్నే నమ్మారు. పిల్లల చర్మం మీద పుండ్లు మాన్పితే చెడు లోపలికి పోయి ఆయాసమో ఫిట్సో వస్తాయని భయపడి, మందు వేయకుండా వదిలేసేవాళ్ళు. పిల్లలు గోక్కుంటూ ఉండిపోయేవాళ్ళు.

ఈ నమ్మకం ఎలా విరిగిందో చెప్తా. ముందు గజ్జి విడిపోయింది. 1687లో ఇటలీలో బొనోమో అనే వైద్యుడు, చెస్టోని అనే మందుల తయారీదారు కలిసి, గజ్జి పొక్కుల్లోంచి తీసిన పురుగుని మైక్రోస్కోపు కింద చూసి బొమ్మ గీశారు. కానీ పెద్ద డాక్టర్లు చాలామంది నమ్మలేదు. దాదాపు 150 ఏళ్ళ తర్వాత, 1834లో, పారిస్‌లో రెనుచ్చి అనే మెడికల్ స్టూడెంట్ అందరి ముందూ సూదితో ఆ పురుగుని తీసి చూపించాడు. ఆ విద్య అతనికి ఎక్కడిదో తెలుసా? అతనిది కోర్సికా ద్వీపం. అక్కడి పల్లెటూరి ఆడవాళ్ళు పిల్లల చేతుల్లోంచి సూదితో ఆ పురుగుల్ని తీసేవాళ్ళు. చిన్నప్పుడు చూసి నేర్చుకున్నాడు. ప్రొఫెసర్లు కాదన్నది పల్లె తల్లులకి తెలుసు!

తర్వాత వియన్నాలో ఫెర్డినాండ్ హెబ్రా అనే డాక్టరు వచ్చాడు. 1840లలో మొదలుపెట్టి వేల మంది చర్మ రోగుల్ని చూశాడు. చర్మం మీద మంట పుట్టించే ఒక నూనె రుద్ది, ఎగ్జిమా లాంటి పొక్కుల్ని బయటి నుంచే రప్పించి చూపించాడు. అంటే రక్తంలో చెడు ఉండక్కర్లేదు, చర్మానికి చర్మమే జబ్బు పడొచ్చు, చర్మానికే మందు వేసి మాన్పొచ్చు అని. ఇవాళ "ఆపితే లోపలికి పోద్ది" అని ఎవరన్నా అంటే, ఆ మాటకి జవాబు వచ్చి 150 ఏళ్ళు దాటిందని చెప్పండి. మర్యాదగానే చెప్పండి, పెద్దవాళ్ళు కదా.

హెబ్రా ఒక తలుపు తెరిచాడు కానీ ఒక ప్రశ్న మిగిలిపోయింది. కొందరు పిల్లలకే ఎందుకు వస్తుంది? ఆ ఇళ్ళలోనే ఆయాసం, తుమ్ములు, ముక్కు కారడం కూడా ఎందుకు ఉంటాయి? 1923లో అమెరికాలో కోకా, కుక్ అనే ఇద్దరు డాక్టర్లు ఇలా కుటుంబాల్లో వచ్చే ఎలర్జీ గుణానికి అటోపీ అని పేరు పెట్టారు. గ్రీకులో దాని అర్థం "వింతైనది, చోటు కానిది". 1933లో వైజ్, సుల్జ్‌బర్గర్ అనే డాక్టర్లు ఈ చర్మ రోగానికి అటోపిక్ డెర్మటైటిస్ అని పేరు పెట్టారు. మా బావకి చిన్నప్పుడు ఆయాసం ఉండేదట. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న అదే. ఇన్నాళ్ళూ అందరూ అక్క వైపే చూశారు గానీ బావ వైపు ఎవరూ చూడలేదు. అలాగని తప్పు బావదీ కాదు లెండి.

తల్లి మీద నింద వేయడం మన దగ్గర మాత్రమే ఉందనుకోకండి. 1950 ప్రాంతంలో అమెరికాలో ఫ్రాంజ్ అలెగ్జాండర్ అనే మానసిక వైద్యుడు, మనసులోని సంఘర్షణల వల్ల వస్తాయని ఏడు జబ్బుల పేర్లు చెప్పాడు. అందులో ఆయాసం ఉంది, ఈ చర్మ రోగమూ ఉంది. ఆ రోజుల్లో కొందరు డాక్టర్లు ఇంకో అడుగు ముందుకేసి, తల్లి పిల్లాణ్ణి ప్రేమగా దగ్గరకి తీసుకోకపోవడం వల్ల ఇలా అవుతుందని రాశారు. రాత్రంతా చేతులు పట్టుకుని కూర్చున్న తల్లితో ఆ మాట అంటే ఎలా ఉంటుంది? టెన్షన్ వల్ల దురద పెరగొచ్చు, అది నిజమే. కానీ జబ్బు పుట్టించింది తల్లి మనసు కాదు.

ఇప్పుడు మందుల కథ. ఇందులో మన మెడికల్ షాపు ట్యూబు కూడా వస్తుంది.

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు, కీళ్ళ వాతంతో మంచం పట్టిన మనిషికి కార్టిజోన్ ఇస్తే లేచి నడిచింది. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్ ముగ్గురికీ నోబెల్ వచ్చింది. ఆ మందుని చర్మానికి రాసి చూస్తే పని చేయలేదు. 1952లో సుల్జ్‌బర్గర్, విటెన్ కలిసి దాని అన్నదమ్ముడి లాంటి హైడ్రోకార్టిజోన్‌ని రాసి చూశారు. ఎగ్జిమా తగ్గింది. ఆ రోజుల్లో తారు పూతలతో, కట్లతో అల్లాడిన పిల్లలకి ఇది వరమే. చర్మ వైద్యంలో దీనికి ముందు ఒక కాలం, తర్వాత ఒక కాలం అని చెప్తారు.

కథ అక్కడ ఆగలేదు. 1960లలో, 70లలో ఇంకా ఇంకా బలమైన స్టెరాయిడ్ క్రీములు వచ్చాయి. పెద్దవాళ్ళ అరికాలి మందపు చర్మానికి వాడాల్సినవి పసిపిల్లల బుగ్గలకి కూడా రాసేశారు. అలా నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, నరాలు కనపడతాయి, చారలు పడతాయి. 1979లో క్లిగ్‌మన్, ఫ్రాష్ అనే డాక్టర్లు దీనికి "స్టెరాయిడ్ వ్యసనం" అని పేరు పెట్టి హెచ్చరించారు. రాస్తే తగ్గడం, ఆపితే రెట్టింపవడం. మా ఇంట్లో ఏడాది జరిగింది అచ్చం ఇదే.

మన దేశంలో ఇంకో మలుపు ఉంది. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబులు. ఏ జబ్బో తెలియకపోయినా ఏదో ఒకటి తగులుతుందిలే అన్నట్టు. తామర మీద రాస్తే స్టెరాయిడ్ వల్ల దురద తగ్గినట్టు ఉంటుంది, కింద ఫంగస్ ఇంకా పాకుతుంది. ఎగ్జిమా మీద రాస్తే అక్కర్లేని మందులు, లెక్క లేని బలం. మన చర్మ వైద్యుల సంఘం వీటి మీద చాలా ఏళ్ళు పోరాడింది. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అందుకే ఇక నుంచి "తామరకి ట్యూబు ఇవ్వండి" అని అడగొద్దు. నేనూ అడగను.

ఇది విని కొందరు రెండో చివరకి పోతారు. "స్టెరాయిడ్ విషం, అసలు ముట్టుకోం" అని. అదీ తప్పే. మంట లేచినప్పుడు, పిల్లాడి వయసుకీ ఒంట్లో ఆ చోటుకీ తగిన బలం ఉన్నది, డాక్టరు చెప్పినన్ని రోజులు రాస్తే అది మంచి మందు. ఎంత రాయాలి అన్నదానికి 1991లో బ్రిటన్‌లో లాంగ్, ఫిన్లే ఒక సులువైన కొలత పెట్టారు. పెద్దవాళ్ళ చూపుడు వేలి కొన నుంచి మొదటి గీత దాకా ట్యూబులోంచి పిండితే సుమారు అర గ్రాము. అది పెద్దవాళ్ళ రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. వేలే కొలత. స్కేలు అక్కర్లేదు, స్పూను అక్కర్లేదు.

ఇప్పుడు 2006కి వద్దాం. స్కాట్లండ్‌లోని డండీ యూనివర్సిటీలో ఇర్విన్ మెక్లీన్ టీమ్, ఇతర దేశాల వాళ్ళతో కలిసి, ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జీన్‌లో లోపం ఉన్నవాళ్ళకి ఎగ్జిమా వచ్చే అవకాశం చాలా ఎక్కువని తేల్చింది.

దీన్ని మన జిల్లా భాషలో చెప్తా. మన పల్నాడు అంటే సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు. పిడుగురాళ్ళ వైపు వెళ్తే సున్నం బట్టీలే. చర్మం పై పొర ఒక ఇటుక గోడ అనుకోండి. కణాలు ఇటుకలు, మధ్యలో ఉండే కొవ్వు పదార్థం సిమెంటు. ఫిలాగ్రిన్ ఆ ఇటుకల్ని గట్టిపరుస్తుంది, చర్మంలో తేమని నిలుపుతుంది. అది తక్కువైతే గోడకి బీటలు పడతాయి. లోపలి తడి బయటికి పోతుంది, అందుకే పొడి. బయటి దుమ్ము, సబ్బు, సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి, అందుకే మంట. మంట వల్ల దురద, దురద వల్ల గోకుడు, గోకితే గోడ ఇంకా పడిపోతుంది. ఎగ్జిమా ఉన్న పిల్లలందరికీ ఈ జీన్ లోపమే ఉండదు, వేరే కారణాలూ ఉన్నాయి. కానీ బీటలు పడ్డ గోడ మాత్రం అందరికీ ఉమ్మడి.

అంటే రక్తంలో చెడు కాదు. మురికి కాదు. అమ్మ తిన్న వంకాయ కాదు. పుట్టుకతో వచ్చిన గోడ అది. దానికి రోజూ మరమ్మతు చేసుకోవాలి. అంతే.

ఇక్కడ మన ఊరి నీళ్ళ ప్రశ్న ఒకటి ఉంది. మేము తాగేది కాలువ నీళ్ళు, స్నానానికి బోరు నీళ్ళు. బకెట్‌కి తెల్ల పొర కడుతుంది, సబ్బు నురగ రాదు. ఈ సున్నపురాయే కదా మన నాగార్జునకొండ శిల్పాలకి రాయి ఇచ్చింది. మరి అదే రాతి మీదుగా వచ్చే ఉప్పు నీళ్ళు పిల్లాడి చర్మాన్ని పాడు చేస్తున్నాయా? నాకూ ఈ అనుమానం వచ్చింది. తీరా చూస్తే ఇంగ్లండ్ వాళ్ళకి ముందే వచ్చింది! 1998లో నాటింగ్‌హామ్ ప్రాంతంలో బళ్ళు తిరిగి లెక్క తీస్తే, కఠిన జలం ఉన్న చోట చిన్న తరగతుల పిల్లల్లో ఎగ్జిమా ఎక్కువ కనిపించింది. ఇంకేముంది, నీటిని మెత్తబరిచే మిషన్ పెడితే సరి అనుకున్నారు. నిజంగా పెట్టి చూశారు. 336 మంది పిల్లలు, 12 వారాలు. 2011లో ఫలితం వచ్చింది. మిషన్ పెట్టిన ఇళ్ళకీ పెట్టని ఇళ్ళకీ ఎగ్జిమా తగ్గడంలో తేడా లేదు. కాబట్టి నీళ్ళ మిషన్ కోసం అప్పు చేయకండి. ఆ డబ్బుతో ఎన్ని డబ్బాల మాయిశ్చరైజర్ వస్తుందో లెక్కేసుకోండి.

సైన్స్‌లో నాకు నచ్చేది ఇదే. తప్పని తేలితే ఒప్పుకుంటుంది. పుట్టిన రోజు నుంచీ క్రీము రాస్తే ఎగ్జిమా రాకుండానే ఆపొచ్చని ఎంతో ఆశపడ్డారు. బ్రిటన్‌లో పెద్ద పరీక్ష చేశారు. 2020లో తేలింది ఏంటంటే, ఆగదు. వచ్చాక అదుపులో పెట్టడానికి క్రీము పని చేస్తుంది, రాకుండా ఆపడానికి పని చేయలేదు. అంటే "ముందే రాసుంటే వచ్చేది కాదు" అని కూడా ఏ తల్లినీ అనడానికి లేదు.

మరి ఏ క్రీము మంచిది? దీనికీ 2022లో జవాబు వచ్చింది. ఇంగ్లండ్‌లో 550 మంది పిల్లలకి లోషన్, క్రీమ్, జెల్, ఆయింట్‌మెంట్ నాలుగు రకాలూ ఇచ్చి చూశారు. నాలుగూ దాదాపు ఒకేలా పని చేశాయి. ఏది పిల్లాడు ఇష్టంగా రాయించుకుంటాడో అదే మంచిది. మన ఎండల్లో ఇది పెద్ద మాట. మన జిల్లాలోనే ఉన్న రెంటచింతల ఎండలు మీకు తెలుసు కదా. మే నెలలో జిడ్డు ఆయింట్‌మెంట్ రాస్తే చెమట పట్టి వాడు ఏడుస్తాడు. ఎండాకాలం తేలిక క్రీము, చలికాలం చిక్కటిది. మా ఇంట్లో ఇప్పుడు ఇదే పద్ధతి.

వాసెలిన్ సంగతి చాలామంది అడుగుతారు. 1859లో అమెరికాలో చెస్‌బ్రో అనే కెమిస్టు చమురు బావుల దగ్గరికి వెళ్ళాడు. పైపులకి పట్టే మైనం లాంటి జిడ్డుని అక్కడి కూలీలు కాలిన చోట రాసుకోవడం చూశాడు. దాన్నే శుభ్రం చేసి వాసెలిన్ చేశాడు. ధర తక్కువ, వాసన లేదు, తడిని బాగా ఆపుతుంది. ఇప్పటికీ మంచిదే. కొబ్బరినూనె మీద ఫిలిప్పీన్స్‌లో పిల్లల మీద పరీక్ష చేస్తే, స్వచ్ఛమైన కొబ్బరినూనె మినరల్ ఆయిల్ కంటే బాగా పని చేసిందని 2014లో చెప్పారు. తేలికపాటి ఎగ్జిమాకి అమ్మమ్మల కొబ్బరినూనె తీసిపారేసేది కాదన్నమాట.

కానీ అమ్మమ్మల నలుగు పిండి మాత్రం వీడికి పనికిరాదు. మామూలు పిల్లలకి సరే. బీటలు పడ్డ గోడని సున్నిపిండితో రుద్ది, మరిగిన నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పడితే ఏమవుతుంది? మేమూ చేశాం. వేపాకు, పసుపు నూరి పచ్చి చర్మం మీద పట్టించాం. వాడు అరిచిన అరుపు నాకింకా గుర్తుంది. మామూలు సబ్బు కూడా ఇంతే. చర్మం స్వభావం కొంచెం పులుపు, సబ్బుది క్షారం. చర్మం మీద ఈ ఆమ్ల పొర ఉందని 1928లోనే జర్మనీలో షాడె, మార్కియోనిని చెప్పారు.

ఇప్పుడు మా ఇంట్లో ఏం చేస్తున్నామో చెప్తా. డాక్టరు చెప్పిందే. రోజూ గోరువెచ్చటి నీళ్ళతో ఐదు పది నిమిషాల స్నానం. సబ్బు బదులు మంట పుట్టించని క్లెన్సర్. టవల్‌తో రుద్దకుండా అద్దడం. తడి పూర్తిగా ఆరకముందే ఒళ్ళంతా మాయిశ్చరైజర్, బాగున్న రోజు కూడా. ఎర్రబడ్డ చోట మాత్రం డాక్టరు రాసిన మందు, వేలి కొలతతో. గోళ్ళు పొట్టిగా. బట్టలు నూలువే. పత్తి మిల్లుల ఊళ్ళో ఉండి పిల్లాడికి పాలిస్టర్ చొక్కా తొడగడం ఏంటని మా నాన్న ఒకటే గోల, ఈ ఒక్క విషయంలో ఆయనే కరెక్టు. ఇంకోటి, మిరప కోతల కాలం. మిరపకాయలు ముట్టుకుని వచ్చిన చేత్తో వాణ్ణి ఎత్తుకోం. ముందు చేతులు శుభ్రంగా కడుక్కోవాలి, బట్టలు మార్చుకోవాలి.

పథ్యం విషయం జాగ్రత్త. గుడ్డు, పాలు, వంకాయ, గోంగూర అన్నీ మాన్పించేసి పిల్లాణ్ణి ఎండగట్టకండి. నిజంగా ఏదైనా పడట్లేదని అనుమానం ఉంటే డాక్టరుతో మాట్లాడండి. 2015లో బ్రిటన్‌లో ఒక పరీక్ష చేశారు. తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు ఎలర్జీ గానీ ఉన్న 640 మంది పసిపిల్లల్లో సగం మందికి వేరుశెనగ పదార్థం చిన్నప్పటి నుంచే పెట్టారు, సగం మందికి మాన్పించారు. పెట్టిన వాళ్ళలోనే వేరుశెనగ ఎలర్జీ సుమారు 80 శాతం తక్కువ వచ్చింది. మానేయడమే మందు అనుకున్న చోట తినడమే మందయింది. అలాగని ఇంట్లో మీరే ప్రయోగం చేయకండి, డాక్టరుని అడిగి చేయండి.

ఎప్పుడు పరిగెత్తాలి? పచ్చటి రసి, పెచ్చులు కట్టినా, జ్వరం వచ్చినా, ఒక్కసారిగా గుంట పడ్డట్టు నీటి పొక్కులు గుంపుగా లేచి పిల్లాడు నీరసపడినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. "అమ్మవారు పోసింది" అనుకుని ఇంట్లో కూర్చోకండి.

పూతలతో తగ్గని పిల్లలకి లోపలికి ఇచ్చే మందులూ ఉన్నాయి. వాటిలో మెథోట్రెక్సేట్ ఒకటి. ఆ పేరు వెనక మనాయన ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో లెడర్లే ల్యాబ్‌లో పరిశోధనకి ఆయనే పెద్ద. క్యాన్సర్ కోసం వాళ్ళ టీమ్ తయారు చేసిన మందే అది. ఆయన 1948లో పోయారు. ఇవాళ స్పెషలిస్టు డాక్టర్లు చాలా తక్కువ మోతాదులో, రక్త పరీక్షలు చేయిస్తూ, తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పిల్లలకి దాన్ని వాడతారు. 2017లో అమెరికాలో డుపిలుమాబ్ అనే ఇంజక్షన్‌కి అనుమతి వచ్చింది. చాలా ఖరీదు. మా వాడికి ఇప్పటిదాకా ఇవేవీ అవసరం రాలేదు. ఎక్కువమంది పిల్లలకి రాదు కూడా. పెద్దయ్యే కొద్దీ చాలామందికి తగ్గుతుంది.

చివరిగా వాడి సంగతి. వాడికి ఎగ్జిమా పోలేదు. పోయిన వారం కూడా మెడ దగ్గర ఎర్రబడింది. కానీ ఏం చేయాలో ఇప్పుడు ఇంట్లో అందరికీ తెలుసు. అక్క డాక్టరు చీటీ పట్టుకుని స్కూల్‌కి వెళ్ళి టీచర్ గారితో మాట్లాడింది, ఇది అంటుకోదు అని. వాడిప్పుడు రెండో బల్ల మీద కూర్చుంటున్నాడు. రాత్రి దురద పుడితే గోక్కోకుండా అరచేత్తో మెల్లగా తట్టుకోవడం నేర్చుకున్నాడు. స్నానం అవగానే డబ్బా తనే తెచ్చి "మామయ్యా, గోడకి సిమెంటు" అంటాడు. ఆ మాట నేర్పింది నేనే.

అక్క వాళ్ళ అత్తగారు ఇంకా తామర అనే అంటారు. కానీ మొన్న వాడి వీపుకి క్రీము రాసింది ఆవిడే. రాస్తూ, "పాపం, పుట్టుకతో వచ్చింది, దాని తప్పేముంది" అన్నారు అక్క గురించి. నేను వంటింట్లో ఉన్నా, విన్నా. అక్క కూడా వింది.

మీ ఇంట్లో, మీ వీధిలో ఇలా గోక్కునే పిల్లాడు ఎవరైనా ఉంటే, వాళ్ళమ్మకి ఈ ఎపిసోడ్ పంపించండి. ట్యూబు పేరు మాత్రం పంపకండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ మన కోటల దగ్గరికి వెళ్దాం. ఉంటా మరి, నమస్తే.